ఏమీ లేదనిపించే చిత్రంలో మన చెరువే ఉంది

నైరూప్య ప్రకృతి చిత్రాలను చూసేదెలా? తొలి ఏకవ్యక్తి ప్రదర్శన వెనుక ఉండే శ్రమ ఎంత?

మధిర: గోడ మీద నాలుగడుగుల కాన్వాసు. పైన బూడిద రంగు. నడుమ అడ్డంగా ఒక నల్లని పట్టీ. దాని కింద ఎర్రమట్టి రంగు. ఒక మూల నుంచి కిందికి జారిన తెల్లని చారలు. అంతే. చెట్టు లేదు, గుడిసె లేదు, కొంగ లేదు. జిల్లా కేంద్రంలోని ఒక పాఠశాల హాలులో ఓ యువ చిత్రకారుడు ఏర్పాటు చేసుకున్న తొలి ఏకవ్యక్తి ప్రదర్శన అది. వేరే పని మీద వచ్చి, తెరిచి ఉన్న తలుపు చూసి లోపలికి అడుగుపెట్టిన ఓ వృద్ధ రైతు ఆ చిత్రం ముందు ఆగారు. ఇందులో ఏముందని అడిగారు. చిత్రకారుడు జవాబు వెతుక్కుంటుండగానే, పక్కన అంటించిన చీటీని మనుమడి చేత చదివించుకున్నారు. దాని మీద 'అలుగు' అని ఉంది. ఆయన మళ్లీ చిత్రం వైపు తిరిగారు. నల్లపట్టీ చెరువుకట్ట అనీ, తెల్లచారలు అలుగు దూకుతున్న నీళ్లనీ, ముసురు ఇంకా విడవలేదనీ తానే వివరించారు.

అంతకుముందు వచ్చినవారిలో ఎక్కువమంది హాలును ఒక చుట్టు చుట్టి, సందర్శకుల పుస్తకంలో 'బాగుంది' అని రాసి వెళ్లారు. కొందరు అర్థం కాలేదని నవ్వుతూ వెళ్లారు. చిత్రకారుడి రెండేళ్ల శ్రమకు దక్కిన స్పందన ఆ రెండు మాటలే. ఇలాంటి చిత్రాలు చదువుకున్నవారికి, పట్నం వారికి మాత్రమేనన్న అభిప్రాయం మన ప్రాంతంలో బలంగా ఉంది. నిజానికి మట్టిని, నీటిని, మబ్బును దగ్గరగా ఎరిగినవారే వీటిని చూడటానికి ఎక్కువ అర్హులు. ఆ సంగతి తెలియకపోవడం వల్ల నష్టపోతున్నది చూసేవారు మాత్రమే కాదు, గీసేవారు కూడా.

నైరూప్యం అంటే..

నైరూప్యం అన్న మాటకు రూపం లేనిదని పైపై అర్థం. చిత్రకళలో దీని భావం కొంత వేరు. కంటికి కనిపించిన వస్తువును ఉన్నదున్నట్లు దించకుండా, అందులోని రంగు, గీత, వెలుగు, ఖాళీ స్థలం అనే అంశాలనే ప్రధానం చేసుకుని గీసే పద్ధతి ఇది. ఇందులో అనేక స్థాయులు ఉన్నాయి. కొందరి చిత్రాల్లో ఏ వస్తువునూ పోల్చుకోలేం. మరికొందరి చిత్రాల్లో కొండ, నది, ఇల్లు సగం కనిపించి సగం కరిగిపోతాయి. ప్రకృతి దృశ్యం నుంచి పుట్టి ఇలా మారిన వాటిని నైరూప్య ప్రకృతి చిత్రాలు అంటారు.

ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. గ్రామ నక్షాను తీసుకుంటే, అందులో చెట్లు, పశువులు, మనుషులు ఉండరు. గీతలు, గళ్లు, అంకెలు మాత్రమే ఉంటాయి. అయినా రైతు దాని మీద వేలు పెట్టి తన చేను ఇదేనని చెప్పగలడు. వాకిట్లో వేసే పద్మం ముగ్గును చూసి తామరపువ్వు అచ్చం ఇలా ఉండదని ఎవరూ ఆక్షేపించరు. చుక్కలు, గీతలే అక్కడ పువ్వు. మిర్చి కోతల కాలంలో కల్లాల నిండా కాయలు ఆరబోసినప్పుడు దూరాన రోడ్డు మీద నుంచి చూసేవారికి కాయలు కనిపించవు. మట్టి మీద పరిచిన ఎర్రని పలక ఒక్కటే కనిపిస్తుంది. చిత్రకారుడు ఆ పలకను మాత్రమే గీస్తే అది అబద్ధం కాదు. ఆ దూరం నుంచి కంటికి అందిన నిజం అదే.

కెమెరా వచ్చిన తరువాత

ప్రకృతిని ఉన్నదున్నట్లు చిత్రించే సంప్రదాయం తెలుగువారిలోనూ గొప్పగా సాగింది. రాజమండ్రికి చెందిన దామెర్ల రామారావు (1897-1925) ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే కన్నుమూసినా, ఆయన గీసిన గోదావరి పరిసరాల చిత్రాలను, ఇతర చిత్రాలను ఆ నగరంలో ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో నేటికీ చూడవచ్చు. అలాంటి చిత్రం ముందు నిలబడినవారికి ఇది ఏమిటన్న సందేహం రాదు.

అయితే 1839లో ఛాయాచిత్ర విధానం లోకానికి వెల్లడైన తరువాత చిత్రకారులకు ఒక ప్రశ్న ఎదురైంది. ఉన్నదున్నట్లు చూపే పని యంత్రమే చేసిపెడుతుంటే కుంచెకు మిగిలే పని ఏమిటన్నదే ఆ ప్రశ్న. ఫ్రాన్సుకు చెందిన క్లాడ్ మోనే 1872లో ఒక రేవుపట్టణంలో సూర్యోదయాన్ని చిత్రించారు. పడవలు రెండు మూడు ముదురు మరకల్లా, సూర్యుడు ఒక నారింజరంగు చుక్కలా ఉండే ఆ చిత్రాన్ని 1874లో పారిస్‌లో ప్రదర్శించినప్పుడు ఒక విమర్శకుడు తీవ్రంగా పరిహసించాడు. చిత్రం పేరులోని 'ఇంప్రెషన్' అన్న మాటను పట్టుకుని చేసిన ఆ ఎగతాళి నుంచే ఇంప్రెషనిజం అనే గొప్ప ఉద్యమానికి పేరు వచ్చింది. అర్థం కాలేదన్న నవ్వు మన హాళ్లలోనే మొదలు కాలేదనడానికి ఇదొక నిదర్శనం.

మన దేశంలో ఈ మార్గంలో నడిచినవారిలో ఇద్దరి పేర్లు ముఖ్యంగా చెప్పుకోవాలి. సిమ్లాలో 1924లో జన్మించిన రామ్‌కుమార్ అర్థశాస్త్రంలో ఎం.ఎ. చదివి, బ్యాంకు ఉద్యోగాన్ని వదులుకుని చిత్రకళను చేపట్టారు. మొదట్లో ఆయన చిత్రాల నిండా దిగులు ముఖాల మధ్యతరగతి మనుషులు ఉండేవారు. 1960లో ఎం.ఎఫ్.హుసేన్‌తో కలిసి వారణాసి వెళ్లిన తరువాత ఆ మనుషులు క్రమంగా మాయమయ్యారు. ఘాట్ల మెట్లు, ఒకదానిపై ఒకటి ఒరిగిన ఇళ్లు, నది ఒడ్డు మిగిలాయి. మరికొంత కాలానికి అవి కూడా రంగుల పలకలుగా మారాయి. 2018లో కన్నుమూసేవరకు ఆయన ఆ బాట వీడలేదు.

రెండో వ్యక్తి సయ్యద్ హైదర్ రజా. మధ్యప్రదేశ్‌లోని మండ్లా జిల్లా బాబరియాలో 1922లో జన్మించారు. తండ్రి అటవీ శాఖ ఉద్యోగి కావడంతో బాల్యం అడవుల్లో, నర్మదా తీరంలో గడిచింది. చదువుపై మనసు నిలవని ఆ బాలుని చేత ఉపాధ్యాయుడు గోడ మీద ఒక చుక్క పెట్టి దాన్నే చూస్తూ కూర్చోమన్న సంఘటనను రజా జీవితమంతా గుర్తుంచుకున్నారు. 1946లో ముంబైలో తొలి ఏకవ్యక్తి ప్రదర్శన జరిపేనాటికి ఆయన వయసు 24 ఏళ్లు. 1950లో ఉపకార వేతనంపై పారిస్ వెళ్లారు. అక్కడి ఊళ్లను, ఇళ్లను గీస్తూ వాటిని రంగుల్లో కరిగించారు. చివరకు ఆ బాల్యపు చుక్కనే 'బిందువు'గా చేసుకుని ప్రపంచ ప్రఖ్యాతి పొందారు. 2016లో ఢిల్లీలో మరణించిన రజా కోరిక మేరకు ఆయన భౌతికకాయాన్ని మండ్లాలో తండ్రి సమాధి పక్కనే ఖననం చేశారు. అరవై ఏళ్లు విదేశంలో ఉన్నా ఆయన చిత్రాల్లోంచి సొంత జిల్లా తొలగిపోలేదు.

మధిర నుంచి ఒకరు

ఈ బాట మన జిల్లా మీదుగా కూడా సాగిందన్న విషయం చాలామందికి తెలియదు. సుప్రసిద్ధ చిత్రకారుడు సూర్యప్రకాశ్ 1940లో మధిరలో జన్మించారు. హైదరాబాద్‌లో చిత్రకళ అభ్యసించారు. ఢిల్లీలో రామ్‌కుమార్ వద్ద శిక్షణ పొందారు. తొలినాళ్లలో ఆయనకు పేరు తెచ్చినవి పూలూ కొండలూ కావు. పాడుబడి తుప్పుపట్టిన మోటారు వాహనాల కుప్పలు! ఎవరూ రెండోసారి చూడని తుప్పులో ఆయన రంగులను చూశారు. తరువాతి కాలంలో రాలిన ఆకులు, నీటిలో నీడలు, తామరకొలనులు ఆయన చిత్రవస్తువులయ్యాయి. ఆ చిత్రాలను పూర్తి నైరూప్యం అనలేం. దగ్గరకు వెళ్తే రంగుల మచ్చలు, నాలుగడుగులు వెనక్కి వేస్తే నీరు, ఆకు, వెలుగు. ఆ హద్దు మీద నిలిచిన కళ ఆయనది.

హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో సూర్యప్రకాశ్ చాలాకాలం ఆస్థాన చిత్రకారునిగా పనిచేశారు. చూపు కోసం వచ్చే రోగులు తిరిగే చోట ఒక చిత్రకారుడు రంగులు కలుపుతూ ఉండటం అరుదైన విషయం. దీనికి తోడుగా చెప్పుకోదగిన మరో విశేషం ఉంది. జీవిత చరమాంకంలో తన తోటలోని కలువకొలనును వందల చిత్రాలుగా గీసిన మోనేకు 1912లో కంటిశుక్లాలు ఉన్నట్లు తేలింది. 1923లో శస్త్రచికిత్స జరిగింది. ఆ మధ్యకాలపు చిత్రాల్లో ఎరుపు, గోధుమ రంగులు చిక్కబడి రూపాలు చెదిరిపోయాయి. కన్ను, రంగు, రూపం ఒకదానితో ఒకటి ఎంతగా పెనవేసుకున్నాయో ఈ ఉదంతం తెలుపుతుంది. 2019లో సూర్యప్రకాశ్ కన్నుమూశారు. ఆయన పుట్టిన ప్రాంతం నుంచి ఇప్పుడు కుంచె పట్టే యువతకు ముందు నడిచిన అడుగుజాడ ఒకటి ఉందన్నమాట.

ఏకవ్యక్తి ప్రదర్శన ఎందుకు?

పలువురి చిత్రాలను ఒకచోట ఉంచితే సమూహ ప్రదర్శన. అందులో ఒక్కొక్కరివి రెండు మూడు చిత్రాలే ఉంటాయి. ఒక్కరి చిత్రాలనే గోడల నిండా ఉంచితే ఏకవ్యక్తి ప్రదర్శన. ఇది చిత్రకారునికి పరీక్ష వంటిది. ఒక్క మంచి చిత్రం అదృష్టవశాత్తు కుదరవచ్చు. ఇరవై చిత్రాలు వరుసగా నిలిపినప్పుడు అతడు దేని కోసం వెతుకుతున్నాడో, ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ పాత చిత్రాన్నే మళ్లీ గీశాడో దాగదు. నైరూప్య చిత్రాలకు ఈ వరుస మరీ అవసరం. ఒక్క చిత్రంలో అర్థం కాని నల్లపట్టీ నాలుగు చిత్రాల్లో కనిపించేసరికి అది కట్ట అనో, దిగంతం అనో చూసేవారికే తోస్తుంది.

ఆ ఇరవై చిత్రాల వెనుక పని చాలా ఉంటుంది. చెక్కచట్రానికి గుడ్డను బిగించి మేకులు కొట్టాలి. రంగును గుడ్డ పీల్చేయకుండా తెల్లని పూత రెండు మూడుసార్లు పూసి, ఆరాక గరుకుకాగితంతో రుద్దాలి. ఆ తరువాతే రంగు. ఆక్రిలిక్ రంగులు నిమిషాల్లో ఆరతాయి. తైలవర్ణాలు పైకి ఆరడానికే రోజులు పడతాయి, మందంగా వేస్తే నెలలు కూడా పట్టవచ్చు. నూనె తక్కువ ఉన్న పొర కిందను, ఎక్కువ ఉన్న పొర పైన వేయాలన్నది నియమం. తారుమారైతే పైపొర ముందుగా బిగిసి కొన్నాళ్లకు పగుళ్లిస్తుంది. వానాకాలపు తేమకు గుడ్డ వదులవుతుంది, బూజు పడుతుంది. నైరూప్య చిత్రాన్ని పిల్లలు సైతం గీయగలరన్న మాట తరచూ వినిపిస్తుంది. పొర మీద పొర వేస్తూ, ఎక్కడ గీరి కింది రంగును బయటపెట్టాలో, ముఖ్యంగా ఎక్కడ ఆపాలో తెలియడానికి ఏళ్ల సాధన కావాలి. బొమ్మను పోలిక చూసి సరిదిద్దుకోవచ్చు. పోలికే లేని చోట సరిదిద్దేది సొంత కన్ను ఒక్కటే.

చిత్రాలు సిద్ధమయ్యాక ప్రదర్శనశాల కావాలి. హైదరాబాద్ మాదాపూర్‌లో ప్రభుత్వ చిత్రశాల ఉంది. ప్రైవేటు గ్యాలరీలూ ఉన్నాయి. జిల్లాల్లో చిత్రాల కోసమే కట్టిన గది దొరకడం కష్టం. పాఠశాల హాలో, కల్యాణ మండపమో చూసుకోవాలి. కిటికీ వెలుతురు రంగుల మీద పడి మెరవకుండా తెరలు కట్టాలి. చిత్రం నడిమిభాగం నిలబడినవారి కంటి ఎత్తున, అంటే నేల నుంచి సుమారు ఐదడుగుల లోపు ఉండేలా వేలాడదీయాలి. పేరు, వాడిన రంగు, కొలత, సంవత్సరం, ధర రాసిన చీటీ పక్కన అంటించాలి. అమ్ముడుపోయిన చిత్రం చీటీపై చిన్న ఎర్రచుక్క పెట్టడం ఆనవాయితీ. ఆ చుక్క కోసం చిత్రకారుని కళ్లు రోజంతా ఎదురుచూస్తాయి.

ధర ఎవరు కడతారు?

2010లో లండన్‌లో జరిగిన వేలంలో రజా గీసిన 'సౌరాష్ట్ర' చిత్రం 16 కోట్ల రూపాయలకు పైగా పలికింది. ఇలాంటి వార్తలు చదివినవారికి చిత్రకారులంటే కోటీశ్వరులన్న భ్రమ కలుగుతుంది. తొలి ప్రదర్శన జరిపే యువకుని లెక్క పూర్తిగా వేరు. కొత్తవారు సాధారణంగా చదరపు అంగుళానికి ఇంతని ధర కట్టుకుంటారు. ఉదాహరణకు 36 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల ఎత్తు ఉన్న చిత్రం 1,728 చదరపు అంగుళాలు. అంగుళానికి పది రూపాయలు అనుకుంటే 17,280 రూపాయలు. గ్యాలరీ ద్వారా అమ్మితే మూడో వంతు నుంచి సగం వరకు కమీషను పోవడం పరిపాటి. మూడో వంతే అనుకున్నా మిగిలేది 11,520 రూపాయలు. చట్రం, గుడ్డ, రంగులు, రవాణా, ఆహ్వానపత్రాల ఖర్చులన్నీ అందులోంచే రావాలి. ఇరవై చిత్రాల్లో రెండు అమ్ముడుపోతే పెట్టుబడి కూడా తిరిగి రాకపోవచ్చు.

అందుకే తొలి ప్రదర్శన చాలామందికి చివరి ప్రదర్శనగానూ మారుతుంది. ఒకప్పుడు దుకాణాల బోర్డులు, గోడరాతలు చేతిలో రంగుల పని ఉన్నవారికి అన్నం పెట్టేవి. ఫ్లెక్సీలు వచ్చాక ఆ ఆసరా తగ్గింది. పాఠశాలల్లో డ్రాయింగు బోధన, ఇళ్ల అలంకరణ, కంప్యూటర్ బొమ్మల పనుల్లో చేరినవారికి సొంత చిత్రానికి మిగిలేవి రాత్రివేళలే. అలాంటివారు మళ్లీ కాన్వాసు బిగించాలా వద్దా అన్నది కొనుగోలుదారుల మీద మాత్రమే ఆధారపడి ఉండదు. తమ ఊరివారు వచ్చి చూశారా, ఒక్క మాటైనా నిజంగా చెప్పారా అన్నదానిపైనా ఉంటుంది. చూడటానికి టిక్కెట్టు లేదు. కొనితీరాలన్న నిబంధనా లేదు.

చూసేవారికి కొన్ని సూచనలు

మొదట పేరు చదవకుండా చిత్రాన్ని చూడాలి. ఇది ఏమిటన్న ప్రశ్నను కాసేపు పక్కనపెట్టి, ఇక్కడ చల్లగా ఉందా వేడిగా ఉందా, పొద్దా మాపా, తడా పొడా అని అడిగి చూడాలి. నల్లరేగడి తడిసినప్పటి రంగుకూ, ఎర్రచెల్క ఎండినప్పటి రంగుకూ తేడా తెలిసినవారికి ఈ ప్రశ్నలు కష్టం కావు. తరువాత నాలుగడుగులు వెనక్కి వేసి ఒకసారి, దగ్గరకు వెళ్లి మరోసారి చూడాలి. దగ్గర చూసినప్పుడు కుంచె ఎటు నడిచిందో, ఎక్కడ చాకుతో గీరారో కనబడుతుంది. అప్పుడు పేరు చదవాలి. పేరు చిత్రానికి సరిపోలేదనిపిస్తే ఆ మాటే చిత్రకారునితో చెప్పవచ్చు. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో చెప్పవచ్చు. 'బాగుంది' అన్న మర్యాద మాట కన్నా అది అతనికి ఎక్కువ ఉపయోగపడుతుంది. అన్ని నైరూప్య చిత్రాలూ గొప్పవి కావన్న సంగతీ మరువరాదు. ఏ దృశ్యాన్నీ శ్రద్ధగా చూడకుండా రంగులు చల్లినవీ ఉంటాయి. ఒకే గోడపై పది చిత్రాలు చూస్తే ఆ తేడా ఎవరికైనా పట్టుబడుతుంది.

పిల్లలను వెంట తీసుకెళ్తే మరీ మంచిది. బొమ్మలో ఏముందో చెప్పమని వారిని అడగాలి తప్ప, మనం ముందే చెప్పకూడదు.

'అలుగు' చిత్రం ముందు నిలిచిన ఆ రైతు వెళ్లేముందు ఒక సవరణ కూడా సూచించారు. అలుగు నీళ్లు తొలిరోజు అంత తెల్లగా ఉండవని, మట్టి కలిసి ఎర్రగా దూకుతాయని, తెల్లబడటానికి రెండు మూడు రోజులు పడుతుందని చెప్పారు. చిత్రకారుడు వాదించలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నారు. ఆ చిత్రానికి ఎర్రచుక్క పడలేదు. ప్రదర్శన ముగిసిన సాయంత్రం మిగిలిన వాటితో పాటు దాన్నీ గోనెపట్టాలో చుట్టి ఇంటికి తీసుకెళ్లారు. తరువాతి కాన్వాసుకు పేరు మాత్రం అప్పటికే కుదిరింది. అది 'అలుగు, మొదటిరోజు'.